తేజూ నుంచి మూడు గంటలు

బావగారికి వందనాలు.

మీరు "బయలుదేరాను" అన్నారు. మీ ప్రసన్న మీరు పనిచేసే అరుణాచల్‌లోని తేజూకీ మనకు విమానం దిగే రాజమండ్రికీ దూరం ఫోనులో చూసి, "విమానంలో మూడు గంటలేనంట మావయ్యా, నాన్న వచ్చేస్తారు" అంది. ప్రభువు సమాధిలో ఉన్న లాజరు దగ్గరికి నాలుగు దినాలు ఆలస్యమైనా వచ్చాడు కదా అని పాస్టరుగా సంఘానికి చెప్పి, మా అక్క శవపెట్టెను నేనే దించనివ్వలేదు. కొల్లేటి గట్టున తవ్విన గొయ్యి ఆగుతుందా? నీరూరింది. బిందెలతో మూడుసార్లు తోడాం. పొద్దువాలాక ఆ నీళ్లలోకే దించాం.

ఆ రెండు ఊళ్ల మధ్య విమానమే తిరగదని మీకు తెలుసు. ఒక్కమాట చెప్పలేదు. తెలియని నేను వాక్యం అడ్డుపెట్టి అందరినీ ఆపాను.

"నాన్న వస్తారన్నారు మావయ్యా, నీళ్లొచ్చాయి" అంటోంది మీ పిల్ల. దానికి బైబిల్లో నాకు జవాబు దొరకలేదు. రైలెక్కి భీమడోలులో దిగండి. మీరే చెప్పుకోండి.

మీ బావమరిది