సింగపూర్‌లో విమానం మారాలి

ఆర్మూర్

అమ్మకు శోభారాణి దండాలు. ఉమా వదినా, ఈ కార్డు అమ్మకు పూర్తిగా చదివి వినిపించు. ఫోన్‌లో టికెట్ మాట ఎత్తగానే పెట్టేస్తోంది. నాకిక ఓపిక లేదు.

అమ్మా, ఆస్ట్రేలియాలో, ఆ డార్విన్‌లో సంధ్యక్కకు వచ్చే నెలే కాన్పు. బావకు సెలవు దొరకలేదు. నువ్వేమో ఒకరోజు బర్రె ఈనాలంటావు, ఇంకోరోజు పసుపు తవ్వాలంటావు. నిన్న నాన్న నీ పాస్‌పోర్ట్ తెచ్చాడు. ఇద్దరం టికెట్ల దుకాణానికి పోయాం. అక్కడి మనిషి తేదీ అడగ్గానే నాన్న నా చెయ్యి పట్టి ఆపాడు.

"జర ఆగు బిడ్డా. మీ అమ్మ బర్రె కోసం ఆగుతలేదు. సింగపూర్‌ల ఇమానం మారాలె గదా. బోర్డులు సదవరాదు, తప్పిపోతే ఎవర్ని అడగాలె అని గదే ఫికర్" అన్నాడు.

అందరి ముందూ నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఆ మాట నాతో అంటే ఏం పోయేదమ్మా?

రానంటూనే స్వెటర్లు సర్దావట. తీసేయి, అక్కడ మనకంటే ఎక్కువ ఉక్కపోత. పసుపు కొమ్ములు పెట్టకు, దిగగానే లాక్కుంటారు. అక్కకు నీ పాత నూలు చీరలు తే. ఇంతకీ బర్రె ఈనిందా? నాన్న బీపీ గోలీలు ఉన్నాయా?

వేసవిలో అక్క దగ్గరికి పోదామని నీ వీసాతో పాటే నాదీ ముందే తీసుకున్నాను కదా. నేను పాఠాలు చెప్పే బడిలో ఇప్పుడే సెలవు పెట్టి, రెండు టికెట్లు చేయించాను. సింగపూర్‌లో నీ చెయ్యి నేను పట్టుకుంటాను. ఇంకో సాకు వెతక్కు.

వదిన పిల్లలకు ముద్దులు.

నీ చిన్నబిడ్డ
శోభారాణి