అమ్మ కూర్చున్న సీటు

హెర్నోసాండ్, అక్టోబరు

గున్‌వోర్ అక్కకు, ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు.

నాన్న వదిలిపోయిన కారు తనిఖీలో మళ్ళీ తప్పింది. ముందు చక్రాల దగ్గర కిందటి నెల నేను వేసిన, కుదుపులు తట్టుకునే కొత్త రబ్బరు బుష్‌లు అప్పుడే చీలిపోయాయి. తనిఖీ చేసే ముసలాయన నిట్టూర్చాడు.

"చక్రాలు గాల్లో ఉండగానే బోల్టులు బిగించావు కదయ్యా. బండి దించగానే రబ్బరు మెలిపడి చిరగక ఏం చేస్తుంది? నేల మీద నిలబెట్టి, లోపల ఓ మనిషిని కూర్చోబెట్టి, బరువు పడ్డాక బిగించాలి."

నాన్న బిగిస్తుంటే అమ్మ ఊలు అల్లుకుంటూ కారులో కూర్చునేది. ఊసుపోక అనుకున్నాను ఇన్నాళ్ళూ.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ అల్లిక సూదులు నీ దగ్గరున్నాయా? ఇక్కడ కనబడలేదు. బావగారిని అడిగానని చెప్పు.

బుష్‌లు మళ్ళీ తెచ్చాను. వచ్చి కూర్చోమని అడగడానికి ఈ ఊళ్ళో నాకు మనిషి లేదు.

నీ తమ్ముడు,
ఎస్కిల్