తలుపు తర్వాతి పేజీ

నా బంగారు చెవిటి నాన్నా,

కోప్పడకు. అమ్మ పోయాక నిన్నలా పిలిచే హక్కు నాకే వచ్చింది. ఇన్నాళ్ళూ ఫోన్లో "బాగున్నాను" అంటూ వచ్చాను. ఇంకే మాట వినపడకపోయినా నీకు ఆ మాట మాత్రం వినపడేది. ఇప్పుడు చెప్పబోయే సంగతి అరిచి చెప్పేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

దీనితో ఒక పుస్తకం కూడా పంపుతున్నాను. మన రచయిత కథల సంపుటి, కొత్త ముద్రణ. "మన" అంటే, మనమెవరో ఆయనకి తెలియదనుకో. అయినా మనింట్లో ఆయన్ని ఇంటిమనిషిలాగే చూసుకున్నాం కదా. ప్రెస్సులో నువ్వు బైండింగ్ చేసే రోజుల్లో, పాడైన కాపీలు పనివాళ్ళని పట్టుకుపొమ్మనేవారు. అలా మనింటికి అట్ట తలకిందులైనవీ, ఒకే కథ రెండుసార్లు వచ్చినవీ చేరేవి. ఈ సంపుటి మన పాత కాపీకి కత్తిరింపులో కింది అంచు మరీ లోపలికి తెగి పేజీ నంబర్లు ఎగిరిపోయాయి. "నంబర్లు చదువుతామా ఏమిటి, కథలు చదువుతాం గానీ" అంది అమ్మ. నువ్వు గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళు నానబెట్టి గోళ్ళలో జిగురు తీసుకుంటూ కూర్చునేవాడివి. అమ్మ మంచం మీద మడతపెట్టాల్సిన బట్టలన్నీ పక్కకి నెట్టేసి పైకి చదివేది. నేను నీ వీపుకి ఆనుకుని వినేదాన్ని. మూడో పేజీకల్లా నీ గురక మొదలు. అమ్మ చదవడం ఆపితే మాత్రం ఉలిక్కిపడి లేచి "వింటున్నానే, కానీ" అనేవాడివి. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ ఆ జిగురు వాసన తగులుతుంది. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ లేను నాన్నా.

అందులో నాకు ప్రాణమైన కథ ఏదో నీకు తెలుసు. భార్యాభర్తలు మాటా మాటా అనుకుంటారు. ఆమె పెట్టె సర్దుకుని గుమ్మం దాకా వస్తుంది. "ఆమె తలుపు" అనే మాట దగ్గర పేజీ అయిపోతుంది. పేజీ తిప్పితే "కొట్టింది" అని ఉంటుంది. బయట వాన. ఆయన తలుపు తీసి, ఎక్కడికెళ్ళావని అడగకుండా, "లోపలికి రా, తడిసిపోయావు" అంటాడు. వెళ్ళడమూ తిరిగి రావడమూ ఒక్క పేజీ తిప్పడంలో! "మధ్యలోది మనకి వదిలేశాడు చూశావా, అదీ గొప్పతనం" అని అమ్మ మురిసిపోయేది. అదే పుస్తకంలో ఇంకో కథలో ఒక తండ్రి ఉన్నట్టుండి మాయమైపోయేవాడు. దానికి మాత్రం "పాపం, రాసినాయనకి మతిమరుపు" అని నవ్వేది.

మొన్న మా కళ్ళజోళ్ళ దుకాణానికి ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. కొత్త అద్దాలు సరిపోయాయో లేదో చూసుకోమని నేనిచ్చిన అక్షరాల అట్ట పక్కన పెట్టేసి, సంచిలోంచి ఈ పుస్తకం తీసి పైకి చదవడం మొదలుపెట్టారు. ఆ కథే! "ఆమె తలుపు" అనగానే నేను ఆగలేక "కొట్టింది" అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "కొట్టడమేమిటమ్మా? తలుపు వేసి మెట్లు దిగింది అని ఉంది. ఆవిడ అసలు తిరిగి రాదుగా!" అన్నారు.

నేనూ ఒకటి కొన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళల్లో దుకాణం వెనకగదిలో కూర్చుని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా చదివేశాను. మన కాపీలో రెండు ఫారాలు, నువ్వు కుట్టే ఆ పదహారేసి పేజీల మడతలు, ఒకదాని చోట ఒకటి పడ్డాయి నాన్నా. రెండు చోట్లా ముందు పేజీలో చివరి మాట "తలుపు". నంబర్లు కూడా లేవాయె, ఇక ఎవరు పట్టుకుంటారు? వానలో తలుపు కొట్టింది వేరే కథలోని కూతురు. తలుపు తీసినాయన మొగుడు కాదు, మనం మాయమైపోయాడనుకున్న ఆ తండ్రి.

ముందు నవ్వొచ్చింది. తర్వాత అద్దాలు తుడిచే గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాను. ఎందుకంటే ఆ తప్పు పేజీని నమ్ముకునే నేను కాపురం చేశాను. నీ అల్లుడు కొట్టడు, తిట్టడు. ఏ చిన్న తేడా వచ్చినా వారాల తరబడి నేను ఇంట్లో లేనట్టే తిరుగుతాడు. నేను ఎదురుగా ఉన్నా ఉప్పు అందించమని అడగడు, లేచి తనే తెచ్చుకుంటాడు. భరించలేక చాలాసార్లు సంచి పట్టుకుని బస్టాండు దాకా వెళ్ళాను. ఆ బెంచీ మీద కాసేపు కూర్చుని, ఈసారైనా ఆ మాట అంటాడేమో అనుకుని లేచి వచ్చేసేదాన్ని. తలుపు తీసేవాడు. కొరియర్ వాడికి తీసినట్టు తీసి లోపలికి వెళ్ళిపోయేవాడు. నీకు చెబితే బెంగ పెట్టుకుంటావని ఇదంతా కడుపులోనే దాచుకున్నాను.

ఇక నావల్ల కాదు. వచ్చేద్దామనుకుంటున్నాను. నీ ఇల్లు చిన్నది, నీ వయసు పెద్దది, ఇరుగుపొరుగు నాలుగు మాటలంటారు. కథలో తండ్రి తీశాడని నువ్వూ తియ్యాలని లేదు. పుస్తకం చదివి, రావచ్చో లేదో ఒక్క ముక్క రాయి. వద్దంటే నొచ్చుకోను. అబద్ధం, నొచ్చుకుంటాను.

పోస్టుమాన్ సైకిల్ బెల్లుకి చెవులప్పగించి కూర్చున్న,
నీ బుల్లి

బుల్లీ,

పుస్తకం అందింది. ముందు కుట్టు చూశాను. ఇప్పుడు కుట్టడం మానేసి, వెనక జిగురు పూసి అంటించేస్తున్నారు. నాలుగుసార్లు తిరగేస్తే పేజీలు చేతికొస్తాయి. ఆ తర్వాత చదివాను. నువ్వు చెప్పిన రెండు కథలే కాదు, మొదటి నుంచి చివరిదాకా అన్నీ చదివాను. నేను నిద్రపోతున్నానని తల్లీకూతుళ్ళు నవ్వుకునేవారు గానీ, సగం పైనే విన్నాను. ఇప్పుడు చదువుతుంటే మీ అమ్మ గొంతే వినపడింది.

ఆ తండ్రి కథ నాకు నచ్చలేదు. మీ రచయిత మహానుభావుడే కావచ్చు, నాకు మాత్రం ఒళ్ళు మండింది. కూతురు అన్నాళ్ళు అవస్థ పడుతుంటే ఆ పెద్దమనిషి ఇంట్లో ఏం చేస్తున్నట్టు? పిల్ల వానలో తడుస్తూ వచ్చి తలుపు కొట్టేదాకా కుర్చీలోంచి లేవడా? కొడితే తీశాడట! తీయడం కూడా ఒక గొప్పేనా? నువ్వేమో దాన్ని పట్టుకుని, నేను తీస్తానో తియ్యనో అన్నట్టు రాశావు. అది చదివి నీ మీద కోపమొచ్చింది. తర్వాత నా మీద వచ్చింది. కూతురు బాగానే ఉందని నమ్మితే హాయిగా ఉంటుంది కదా, నమ్మేశాను.

ఇరుగుపొరుగు సంగతంటావా, వాళ్ళనే నాలుగు మాటల్లో నాకు వినపడేవి రెండు.

రావచ్చా అని నన్ను అడక్కు. నువ్వు రానక్కర్లేదు, నేనే వస్తున్నాను. రేపు పొద్దున్న మొదటి బస్సుకి బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతానేమో, అప్పుడు ఇద్దరం కలిసి చదువుకుందాం. అతనితో గొడవ పడడానికి రావడం లేదు. అడిగితే చెబుతాను, అడక్కపోతే మరీ మంచిది. ఇక్కడ బీరువా జరిపించి నీ మంచం కిటికీ పక్కన వేయించాను.

బట్టలు సర్దుకో. పుస్తకాల జోలికి మాత్రం వెళ్ళకు. నీకు ముడి వెయ్యడం రాదు, దారిలో ఊడిపోతాయి. అవి నేనొచ్చి కడతాను.

నాన్న