బోర్డు మీద నీ పేరు

చిరంజీవి ఆర్వోకి,

అమ్మ ప్రేమతో దీవించి రాసేది. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. నువ్వు కులాసాగా లేవని నీ ఉత్తరమే చెప్పింది. రెండు రోజులుగా కలం పట్టుకుని కూర్చోవడం, లేచిపోవడం, ఇదే పని.

ముందు నువ్వడిగినవి. నా మోకాలు ఫరవాలేదు. ఇంటి కప్పు మీద మంచు పక్కింటి హెల్మి అల్లుడు తోసేశాడు. నాన్న శనివారం ఆవిరి స్నానానికి వెళుతున్నారు, మాట మాత్రం ఎప్పటిలాగే తక్కువ.

ఇక సినిమా సంగతి. ‘రాగి రోడ్డు’లో గని మూతపడ్డాక హీరో క్లెమ్ రాడక్ ముఖం గోడలా మారిపోయిందని, గోడ నటించదని రాశావు. తక్కిన పత్రికలవాళ్లదీ ఇదే పాట. వాళ్లు గని ఊళ్లో పుట్టలేదు. నువ్వు పుట్టావు కదరా! పని పోయినవాడు గుండెలు బాదుకుని ఏడవాలా? అతను పొద్దున్నే లేచి, ఖాళీ భోజనం డబ్బా కడిగి, తుడిచి, మళ్లీ అరలో పెట్టేస్తాడు. అప్పుడు హాల్లో ఒక్కరూ దగ్గలేదు. అది నటన కాకపోతే మరేది నటన?

నీ సమీక్ష చదివి హెల్మి నన్ను పట్టుకుంది. “ఏమే ఐలీ, చికాగో నీళ్లు ఒంటబట్టాక మీవాడికి మన మొహాలు గోడల్లా కనిపిస్తున్నాయా?” నాకు తల కొట్టేసినట్టయింది.

ఇప్పుడు అసలు సంగతి. సినిమా ప్రకటనలో నీ పేరుతో పడ్డ మెచ్చుకోలు కంపెనీకి అమ్ముడుపోయి ఇచ్చావని మీ ఎడిటర్ అంటున్నాడనీ, సోమవారంలోగా సంజాయిషీ ఇవ్వకపోతే ఉద్యోగం ఊడుతుందనీ రాశావు. ఇది ఎవరి పనో తెలియడం లేదన్నావు. నా పనే నాయనా.

మన ఊరి సినిమా హాలు ముందు బోర్డు మీద అక్షరాలు పేర్చేది నేనే కదా. సమీక్షల్లోంచి మంచి ముక్క ఏరి పెట్టడం మాకు మామూలే. ‘మొదటి పది నిమిషాలు అద్భుతం’ అని రాశావు. అందులోంచి ‘అద్భుతం’ ఒక్కటీ తీసి, కింద నీ పేరు పెట్టాను. సినిమా కంపెనీ మనిషి వచ్చి ఆ బోర్డు ఫోటో తీసుకుపోయాడు, దాన్నే ప్రకటనలో వేశారు. ప్రకటన చూశాక మూడు వారాలు నోరు మెదపలేదు. భయం, సిగ్గు.

హాలు నింపడానికని యజమానితో చెప్పాను. అబద్ధం. నాన్న కోసం చేశాను. ఆ సినిమా మూడుసార్లు చూశారు. తన పని పోయి, గని మూసిన తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ సంగతి మీద నోరు విప్పి, “ఆ మనిషికి తెలుసే” అన్నారు. నీ సమీక్షలన్నీ దాచుకునే మనిషికి ఈ ఒక్కటీ ఎలా చూపించను? పత్రిక దాచేశాను. బోర్డు మీద నీ పేరు చూసి ఎంత మురిసిపోయారో!

తప్పు నాదేనని మీ ఎడిటర్‌కు సంతకం పెట్టి నిన్ననే ఉత్తరం వేశాను. బోర్డు మీది మాట తీసేశాను. నీ మాట కత్తిరించినందుకు నన్ను క్షమించు. సినిమా గురించి మాత్రం నేనొక్క అడుగు వెనక్కి వేయను.

ఈ పొద్దున నాన్న ముందు కూర్చుని నీ సమీక్ష మొత్తం చదివాను. గోడ అన్న మాట దగ్గర పత్రిక మడవబోయాను. “చదువు” అన్నారు. అంతా విన్నాక అన్నారు:

“గని మూసినప్పుడు వాడు చదువుకని ఊళ్లో లేడు కదే. నా మొహం వాడెప్పుడు చూశాడు?”

ఇట్లు,
నీ మీద కోపమూ ప్రేమా రెండూ తగ్గని
మీ అమ్మ