వేడెక్కితే ఆగిపోయే బండి

ప్రియమైన బావకి,

నాలుగేళ్ళ తర్వాత రాస్తున్నాను. ఫోన్ చేస్తే ఎత్తవు. నువ్వు పనిచేసే కోల్డ్ స్టోరేజీకి సరుకు దింపే లారీ డ్రైవర్ ఒకడు మా మెకానిక్ షెడ్డుకి వస్తుంటాడు, అతన్ని పట్టుకుంటే ఈ అడ్రస్ దొరికింది.

నాన్న పోయినప్పటి నుంచి మన ఇంట్లో నీ పేరు ఎవరం ఎత్తలేదు. ఇప్పుడు కూడా బండి పని మీదే రాస్తున్నాను, వేరేగా అనుకోకు. నువ్వు నడిపిన డీజిల్ పికప్‌కి బాడీ పని చేయించి షెడ్డు వెనక పట్టా కప్పి ఉంచాను. అమ్మేయమని అక్క ఒకటే పోరు. మొన్న ఒక కూరగాయల వ్యాపారి నడిపి చూస్తానని తీసుకెళ్ళాడు. గంటన్నరకి కాలినడకన తిరిగొచ్చాడు. "దీపం ఆర్పినట్టు ఆగిపోయిందయ్యా నీ బండి" అన్నాడు. నేను వెళ్ళి తాళం తిప్పితే ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. ఆయన మాత్రం మళ్ళీ దాని మొహం చూడలేదు.

అప్పట్లో నువ్వూ ఇలాంటిదే ఏదో అన్నట్టు గుర్తు. ఎన్నిసార్లు ఆగింది? ఆగినప్పుడు మీటర్లలో ముళ్ళన్నీ పడిపోయేవా? ఆలోచించి రాయి.

నీ బావమరిది,
పానా


ప్రియమైన పానాకి,

నీ ఉత్తరం అందింది. కవరు మీద గ్రీజు వేలిముద్ర చూడగానే ఎవరు రాశారో తెలిసిపోయింది. ఉత్తరం రాసేముందైనా చేతులు కడుక్కోవేంట్రా?

నేను బాగానే ఉన్నాను. ఇక్కడ బస్తాల లెక్క చూస్తాను. రోజంతా చలిగదిలోనే, అందుకే ఆవేశాలన్నీ గడ్డకట్టాయి. స్టీరింగ్ మాత్రం ముట్టుకోలేదు. ఇక్కడ హ్యాండ్ ట్రాలీ ఒకటి ఉంది, దాన్ని తోస్తేనే ఒంటికి చెమట పడుతుంది.

బండి సంగతి నన్నడగకు. పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చెయ్. ఆ రోజు ఏం జరిగిందో అప్పుడే చెప్పాను. కునుకు పట్టింది, మలుపు తిరగలేదు. అంతే. దాన్ని మళ్ళీ తవ్వకు.

అత్తయ్య మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మీ అక్క ఇంకా కుట్టుపని చేస్తోందా? కళ్ళకి అద్దాలు తీసుకుందా? నేను అడిగానని చెప్పనక్కర్లేదు.

నీ బావ


ప్రియమైన బావకి,

తవ్వాను. వారం రోజులు తవ్వాను.

బానెట్ మూసి ఇంజిన్ ఆన్‌లో ఉంచాను. సరిగ్గా నలభై రెండో నిమిషంలో ఆగిపోయింది. డీజిల్ అందుతోంది, ఫిల్టర్ కొత్తది, వైరింగ్ అంతా వేలితో తడుముతూ చూశాను, బాగుంది. స్కానర్ తగిలిస్తే ఇంజిన్ కంప్యూటర్ పలకలేదు, అక్కడ కంప్యూటరే లేనట్టు. పది నిమిషాలు ఆగి మళ్ళీ తగిలిస్తే అమాయకంగా పలికింది, తప్పులేమీ లేవంది.

అప్పుడు వేడిగాలి గన్ తెచ్చి నేరుగా కంప్యూటర్ పెట్టె మీద పట్టాను. ఇంజిన్ చచ్చింది. తడిగుడ్డ వేశాను. బతికింది. మూడుసార్లు చంపి మూడుసార్లు బతికించాను బావా. పెట్టె విప్పి భూతద్దంలో చూస్తే లోపల ఒక టంకం అతుకు దగ్గర వెంట్రుకంత పగులు. వేడెక్కితే విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది.

కొత్త కంప్యూటర్ బిగించాను. ఊరికే బిగిస్తే చాలదు. బండి ఛాసిస్ నంబరు, నాలుగు ఇంజెక్టర్ల మీద చెక్కిన అంకెలు అన్నీ దానికి నేర్పాలి, పాత తాళాన్ని గుర్తుపట్టమని చెప్పాలి. రెండు రోజులు పట్టింది. ఇప్పుడు నాలుగు గంటలు నడిపినా ఆగట్లేదు.

ఆ మలుపుకి కూడా వెళ్ళొచ్చాను. ఇంట్లోంచి బయల్దేరితే నలభై నిమిషాలు. నడుస్తుండగా ఇంజిన్ చస్తే స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది. బండి తిరగదు. బ్రేకు గీతలు పడవు. తిన్నగా వెళ్ళి కల్వర్టు గోడని కొడుతుంది. చూసేవాడికి డ్రైవర్ నిద్రపోయినట్టే ఉంటుంది. ఆ సాయంత్రం షెడ్డుకి లాక్కొచ్చాక నేను తాళం తిప్పితే చక్కగా స్టార్ట్ అయింది. చల్లారింది కదా మరి. "బండిలో ఏ లోపమూ లేదు" అని పోలీసులకి సంతకం పెట్టి ఇచ్చింది నేనే.

అంతకు వారం ముందు నువ్వు షెడ్డుకి వచ్చావు. ఎండలో బండి దానంతటదే ఆగిపోతోందన్నావు. చల్లటి ఇంజిన్‌కి ఐదు నిమిషాలు స్కానర్ పెట్టి, పదిమంది ముందు "జబ్బు బండికి కాదు, నడిపేవాడికి" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు.

నువ్వు నిద్రపోలేదు బావా. మరి నిద్రపోయానని ఎందుకు చెప్పావు? లైసెన్స్ పోయింది, ఇల్లు పోయింది, అక్క దూరమైంది. ఎందుకు?

పానా


ప్రియమైన పానాకి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. రాయడం, చింపడం, ఇదే సరిపోయింది.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో అత్తయ్య నీ చొక్కా పట్టుకుని వేలాడుతూ ఏడుస్తోంది. అప్పుడే ఎవరో వచ్చి "ఏం జరిగింది?" అని నన్నడిగారు. ఇంజిన్ ఆగిపోయిందనే అనబోయాను. అంటే తర్వాత ప్రశ్న ఏంటి? "బండి ఎవరు చూశారు?" ఆవిడకి ఆ క్షణంలో పట్టుకోవడానికి మిగిలింది నీ చొక్కా ఒక్కటే. అది కూడా వదిలేయిస్తానా? నోట్లోంచి "కునుకు పట్టింది" అని వచ్చేసింది. ఒకసారి అన్నాక ఇక దాని మీదే నిలబడ్డాను.

నన్ను పెద్దమనిషిని చేసేయకు. నా తప్పు నాకుంది. ఆ బండి ముందురోజు కూడా ఆగింది. నీ దగ్గరికి మళ్ళీ తెస్తే మళ్ళీ నవ్వుతావని తేలేదు. పరువుకి పోయాను. మామయ్యని కంటి పరీక్షకి తీసుకెళ్ళాలి. "బస్సులో వెళ్దాం మామయ్యా, బండి మీద నాకు నమ్మకం లేదు" అన్నాను. ఆయన తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. "మావాడు చూసిన బండిరా, దానికేం కాదు" అన్నాడు. ఈ మాట నీకు రాయకూడదనే మూడు వారాలు చింపాను. కానీ ఎంత గర్వంగా అన్నాడో నీకు తెలియకుండా పోవడం కూడా అన్యాయమే అనిపించింది. నేను గట్టిగా కాదనలేకపోయాను. తాళం తిప్పింది నేనే.

అత్తయ్యకి చెప్పొద్దు. మీ అక్కకి అసలే చెప్పొద్దు. నాకు అలవాటైపోయింది.

నీ బావ


ప్రియమైన బావకి,

చెప్పొద్దన్నావు. చెప్పేశాను.

నీ ఉత్తరం అందిన రోజు మధ్యాహ్నమే షెడ్డు మూసి ఇంటికెళ్ళాను. అమ్మ కూర తరుగుతోంది, అక్క మిషన్ మీద ఉంది. ఇద్దర్నీ కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివాను. నాన్న మాట దగ్గర ఆగిపోయాను. అక్క కాగితం లాక్కుని మిగతాది చదివింది.

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకి పెట్టింది. మూడో రోజు కంచం ముందు అడిగింది.

"నువ్వు చూసిన బండి అని ఎక్కారా ఆయన?"

"అవునమ్మా."

"అంత నమ్మిన మనిషికి నువ్వు ఒక్క గంట కేటాయించలేకపోయావట్రా?"

తర్వాత అమ్మే, "అల్లుణ్ని పిలిపించు. నీ సంగతి తర్వాత" అని మజ్జిగ పోసింది. నన్ను గెంటలేదు బావా. నాలుగేళ్ళ క్రితం చెప్పినా గెంటేది కాదేమో. మనిద్దరం ఆవిణ్ణి సరిగ్గా అంచనా వేయలేదు.

అక్క సంగతి వేరు. సంతోషిస్తుందనుకున్నాను. ఇన్నేళ్ళూ నేను చూడని కోపం చూశాను. "తమ్ముణ్ని కాపాడాడు, అమ్మని కాపాడాడు. నేనేం పాపం చేశానని? నిద్రొస్తే ఆపలేకపోయావా అని ఆసుపత్రిలో అందరి ముందూ అరిచాను. విని ఊరుకున్నాడు. నా చేత నాలుగేళ్ళు అసహ్యించుకోనిచ్చాడు. ఒక్కసారి, ఒక్కసారి నా చెవిలో చెప్పొచ్చుగా? నేను దాచలేననుకున్నాడా?" అంది. దీనికి నీ దగ్గర జవాబుంటే రాయకు, వచ్చి చెప్పు.

పోలీస్ స్టేషన్‌కి కూడా వెళ్ళొచ్చాను. పాత కంప్యూటర్ పెట్టెని బల్ల మీద పెట్టి, అప్పుడు నేనిచ్చిన కాగితం తప్పని రాసిచ్చాను. అక్కడి ఆఫీసరు ఇప్పుడెందుకన్నట్టు చూశాడు. అప్పుడే చేయాల్సింది అని నేనూ అనుకున్నాను. ఇప్పుడు షెడ్డుకి ఎవరొచ్చి ఏం చెప్పినా బండి వేడెక్కేదాకా కూర్చుని వింటున్నాను. నాన్నకి దక్కని గంట దారిన పోయేవాళ్ళందరికీ దక్కుతోంది.

శనివారం పొద్దున్నే పికప్ వేసుకుని వస్తున్నాను. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఉంటాను. నువ్వు నడపనంటే నేనే నడుపుతాను, కానీ అప్పుడు నువ్వు నాన్న సీట్లో కూర్చోవాలి. నడుపుతానంటే ఆ సీట్లో నేను కూర్చుంటాను. ఏదైనా మనిద్దరికీ సుఖమైన ప్రయాణం కాదు. బయల్దేరుదాం.

అక్క తలుపు తీస్తుందని మాటివ్వలేను. ఇది రాస్తున్నానని తెలిసి ఒక్కటే చెప్పమంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "క్షమించమని అడగొద్దను. నా ఎదురుగా నిలబడి, నేను నిద్రపోలేదు అని చెప్పమను. ముందు అది వినాలి నేను."

పానా