మామయ్యగారి పాఠాలు ఇక వినడానికే

ఏవండీ, కాకినాడ బస్సుకి టైమైపోయింది, వెళ్తున్నాను. అత్తయ్యగారు మిక్సీ కోసం మన ఫైళ్లన్నీ ఉండే సర్వర్ ప్లగ్ పీకేసినా కంగారు పడకండి. మీ కంప్యూటర్ సెట్టింగ్‌లో ‘నోఫెయిల్’ అని పెట్టాను, సర్వర్ దొరక్కపోయినా దాని కోసం ఆగిపోకుండా ఆన్ అవుతుంది.

నిన్న మీరు సర్వర్లో జాగా లేదంటూ మామయ్యగారి సంస్కృత పాఠాల రికార్డింగులు నలభై తుడిచేశారు కదా. ఆయన సగం అన్నంలో లేచిపోయారు. “పోన్లేమ్మా, మళ్లీ చెబుతాలే” అన్నారు నాతో. ఆ గొంతు విన్నాక నేనూ లేచి వెతికాను. నా ల్యాప్‌టాప్‌లో కాపీ ఉంది కాబట్టి సరిపోయింది. పొద్దున్నే అన్నీ సర్వర్లో తిరిగి పెట్టేశాను.

ఈసారి ఆ ఫోల్డర్‌ని మీ కంప్యూటర్‌కి ‘రీడ్ ఓన్లీ’గా మౌంట్ చేసి కలిపాను. ఎంతైనా వినొచ్చు, ఒక్కటి కూడా చెరపలేరు. కావాలంటే డిలీట్ నొక్కి చూడండి, సరదాగా ఉంటుంది. సెట్టింగ్ మార్చేద్దామనుకుంటున్నారేమో, దాని పాస్‌వర్డ్ కూడా మార్చాను. కొత్తది కాగితం మీద రాసి అత్తయ్యగారికిచ్చాను. అటక మీది కొబ్బరికాయలన్నీ ఒలిస్తే ఇస్తారట.

ఉమ

పాఠాలు తిరిగొచ్చాయని మామయ్యగారికి ఇంకా తెలీదు. మీరే చెప్పండి. తెచ్చింది కూడా మీరేనని అనుకోనివ్వండి.