లొరేన్ కొన్న ఎర్ర తాడు

లొరేన్ వదినా,

అన్నయ్యని పాతిపెట్టి వచ్చాక, చర్చి కింది హాల్లో సాండ్‌విచ్ పళ్లెం పట్టుకుని, "పుట్టినరోజుకి నేను కొన్న ఎర్ర తాడే గ్లెన్‌ని పొట్టనపెట్టుకుంది" అన్నావు. షెరీఫ్ ఆఫీసు పోలీసులు తెచ్చిచ్చిన అన్నయ్య సామానులో అది కనబడకపోయేసరికి తెగి ఎక్కడో పడిందనుకున్నావు. నేను పక్కనే కాఫీ తాగుతున్నాను. అప్పుడే నోరు విప్పాల్సింది.

జింకల వేటకి చెట్టెక్కేటప్పుడు మా నడుము నుంచి మాను చుట్టూ ఒక తాడు ఉంటుంది. కొమ్మ అడ్డొస్తే, దాని పైన రెండో తాడు చుట్టాకే మొదటిది విప్పాలి. అందుకే మనిషికి రెండు తాళ్లు. ఆ రోజు నా రెండో తాడు ఇంట్లో మరిచిపోయి వచ్చాను.

"విల్లు మర్చిపోయినా ఊరుకుందును, తాడు మర్చిపోతావురా వెధవా? ఇదిగో, నాది కట్టుకో. ఈ ఓక్ చెట్టు నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు" అన్నాడు అన్నయ్య. నా కొలతకి తనే ముడి వేసి ఇచ్చాడు.

పెద్ద కొమ్మ దగ్గర, ఉన్న ఒక్క తాడూ విప్పి పైన చుట్టబోతూ జారాడు. నేను పక్క చెట్టు మీద నుంచి చూస్తూనే ఉన్నాను.

నువ్వు కొన్న తాడు తెగలేదు వదినా. అది నా నడుముకుంది. నన్ను తిట్టు, గుమ్మం తొక్కనివ్వకు, కానీ నిన్ను నువ్వు తిట్టుకోకు.

తాడు ఈ పొట్లంలోనే పంపుతున్నాను. ముడి మాత్రం విప్పలేదు. అది అన్నయ్య వేసింది.

నీ మరిది